అరచేతిలో విమానం: స్కేల్ మోడళ్ల తయారీ, వాటి చరిత్ర వెతుకులాటపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటికి వచ్చినవాళ్లు అద్దాల బీరువా ముందు ఆగి అడిగే ప్రశ్నలూ, కొత్తగా కిట్ కొన్నవాళ్లు రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగే ప్రశ్నలూ ఇంచుమించు ఒకటే. చెప్పిందే చెప్పి గొంతు అరిగింది కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇదంతా ప్లాస్టిక్ కిట్లతో చేసి బీరువాలో పెట్టుకునే మోడళ్ల గురించి. గాలిలో ఎగిరేవి వేరే విద్య, అది నాకు రాదు. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

ఈ వయసులో బొమ్మలతో ఆటలేమిటని ఇంట్లో అంటున్నారు. ఏం చెప్పాలి?

బొమ్మలేనని ఒప్పుకోండి, గొడవ అక్కడితో తీరుతుంది. తేడా ఒక్కటే ఉంది. స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ యుద్ధ విమానాన్నే తీసుకోండి. దుకాణంలో కొన్న బొమ్మ స్పిట్‌ఫైర్ ఏ స్పిట్‌ఫైరైనా కావచ్చు. మనం చేసేది ఫలానా స్క్వాడ్రన్‌కు, అంటే వాయుసేన దళానికి, చెందిన, ఫలానా నంబరు వేసుకున్న, ఫలానా నెలలో ఫలానా చోట నిలబడిన ఒకే ఒక్క విమానం. దాని రంగు ఎక్కడ ఊడింది, పొగమసి ఎంతవరకు పట్టింది అని వెతకడంలోనే సగం కాలం గడిచిపోతుంది. జిగురుతో గడిపే గంటల కంటే పాత ఫోటోలను భూతద్దం కింద పెట్టి చూసే గంటలే నాకు ఎక్కువ.

1/72, 1/48 అని రాసి ఉంటుంది. అంటే ఏమిటి? ఏది తీసుకోవాలి?

1/72 అంటే అసలు విమానంలో 72 సెంటీమీటర్లు మోడల్‌లో ఒక సెంటీమీటరు. అంగుళాల్లో ఇంకా తేలిక: ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం. 11.23 మీటర్ల రెక్కలున్న స్పిట్‌ఫైర్ 1/72లో 15.6 సెంటీమీటర్లు, 1/48లో 23.4 సెంటీమీటర్లు. కాక్‌పిట్‌లోని మీటలకూ డయళ్లకూ రంగులు వేయాలన్న ఉబలాటం ఉంటే 1/48, ఇల్లు చిన్నదైతే 1/72.

పెద్ద విమానాలకు 1/144 ఉంది. విశాఖపట్నం బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన నౌకాదళ విమానం టీయూ-142 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. దాన్ని 1/72లో చేస్తే దాదాపు 70 సెంటీమీటర్లు వస్తుంది, భోజనాల బల్ల మీద కంచాలకు చోటుండదు. 1/144లో 35 సెంటీమీటర్లకు దిగుతుంది.

ఒకసారి స్కేలు ఎంచుకున్నాక దాన్నే పట్టుకోండి. గ్నాట్ అనే జెట్ ఫైటర్ ఎంత బుల్లిదో, పక్కన అదే స్కేలులో హంటర్ జెట్‌ను నిలబెట్టినప్పుడే కంటికి ఆనుతుంది.

మొదటి కిట్‌గా ఏ విమానం మంచిది?

ఒకే ఇంజిను, ఒకే జత రెక్కలు, రెండో ప్రపంచ యుద్ధకాలపు ఫైటర్. స్పిట్‌ఫైర్, హరికేన్, మస్టాంగ్‌లలో ఏదైనా సరే. ముక్కలు తక్కువ, మచ్చల రంగులు తప్పులను దాచిపెడతాయి, సమాచారం కావలసినంత దొరుకుతుంది.

రెండు అంతస్తుల రెక్కలున్న పాత విమానాల జోలికి ఇప్పుడే వెళ్లకండి. రెక్కల మధ్య గుంజలు నిలబెట్టి, వాటికి తీగలు కట్టేసరికి ఓపిక నశిస్తుంది. వెండి రంగు జెట్‌లు కూడా వద్దు. గరుకు కాగితం చేసిన ప్రతి గీతనూ ఆ రంగు ఎత్తి చూపిస్తుంది.

భారత వాయుసేన గ్నాట్ చేయాలని ఉంది. దుకాణంలో గ్నాట్ కిట్ కనిపించింది. కొనేయవచ్చా?

పెట్టె మీద బొమ్మలో సీట్లు లెక్కపెట్టండి. రెండుంటే అది బ్రిటన్ వాడిన శిక్షణ విమానం, గ్నాట్ టీ.1. బ్రిటిష్ విన్యాస బృందం రెడ్ యారోస్ 1965 నుంచి 1979 వరకు ఎగిరింది దాని మీదే, అందుకే ఎర్ర రంగు పెట్టెల్లో విరివిగా దొరుకుతుంది. మన వాయుసేన నడిపింది ఒంటి సీటు ఫైటర్‌ను. రెండిటికీ పేరు ఒకటే గానీ రెక్క వేరు, ముందు భాగం వేరు. శిక్షణ విమానాన్ని కోసి ఫైటర్‌గా మార్చవచ్చని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. నేను ప్రయత్నించాను. రెండు నెలల తర్వాత ఒంటి సీటు కిట్ కొన్నాను.

మిగ్-21 కిట్లు పది రకాలున్నాయి. ఏదైనా ఒకటేనా?

ఒకటి కాదు. మన వాయుసేన ఈ విమానాన్ని 1963 నుంచి 2025 సెప్టెంబర్ 26 వరకు నడిపింది. అరవై రెండేళ్లలో ఒకే పేరు మీద చాలా రూపాలు వచ్చాయి. కొత్తవాళ్లు గుర్తుపట్టడానికి తేలికైన చోటు వీపు. పైలట్ వెనక నుంచి తోక దాకా సాగే ఆ ఉబ్బు ఎఫ్‌ఎల్ రకంలో సన్నగా ఉంటుంది, చివరికొచ్చిన బిస్ రకంలో బాగా బలిసి కనిపిస్తుంది.

1971 యుద్ధపు విమానం చేయాలంటే ఎఫ్‌ఎల్ కావాలి. ఎఫ్‌ఎల్‌కు లోపల ఫిరంగి లేదు. పొట్ట కింద తగిలించిన తుపాకి పాడ్‌తో ఎగిరింది. అది మీ కిట్‌లో ఉందో లేదో కొనే ముందే చూసుకోండి.

మొత్తం ఎంత ఖర్చు పెట్టాలి? పనిముట్లు ఏవేవి కొనాలి?

మొదటి నెలలో కిట్ కంటే రంగులకే ఎక్కువ పోతుంది. సన్నని కట్టర్, పదునైన చిన్న కత్తి, పట్టకారు, 400 నుంచి 2000 వరకు నీటి గరుకు కాగితాలు, మాస్కింగ్ టేపు, మోడల్ జిగురు, రెండు మంచి కుంచెలు. కట్టర్, కుంచెల దగ్గర పిసినారితనం పనికిరాదు. మిగతావి ఇంట్లోనే ఉంటాయి: పళ్ల పుల్లలు, బట్టల క్లిప్పులు, పాత టూత్‌బ్రష్, మాత్రలు అయిపోయిన రేకులు. ఆ రేకుల గుంటలు రంగు కలుపుకోవడానికి భలే పనికొస్తాయి.

## అతికించేటప్పుడు

ఫెవిక్విక్‌తో అతికిస్తే సరిపోదా?

అంటుకుంటుంది, కానీ మోడల్ జిగురు చేసే పని వేరు. కిట్లు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పల్చటి మోడల్ జిగురు ఆ ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి, రెండు ముక్కలనూ ఒకటిగా చేసి, తాను ఆవిరైపోతుంది. రెండు సగాలనూ దగ్గరగా పట్టుకుని, అతుకు దగ్గర కుంచె కొసతో ఒక చుక్క తాకించండి. దీపపు వత్తి నూనె పీల్చినట్టు అతుకు వెంట అదే పాకిపోతుంది. ముక్కలను సర్దుకోవడానికి కొన్ని క్షణాల వ్యవధి కూడా ఇస్తుంది.

తక్షణం అంటుకునే జిగురును లోహపు రేకు ముక్కలకూ, రెజిన్ ముక్కలకూ దాచుకోండి. కాక్‌పిట్ అద్దం దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వకండి. దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొగమంచులా పేరుకుంటుంది. అద్దాలకు బడి పిల్లలు వాడే తెల్ల జిగురే మేలు. ఎండితే కనబడదు, ఒలికితే తడిగుడ్డతో పోతుంది.

ముక్కలను ఫ్రేము నుంచి చేత్తో విరిస్తే ఏమవుతుంది?

ముక్కలో కొంత ఫ్రేముకే ఉండిపోతుంది. రెండు విడతలుగా కోయండి: మొదట ముక్కకు దూరంగా, తర్వాత మిగిలిన మొటిమను దగ్గరగా. చివరి పిసరును గరుకు కాగితానికి వదిలేయండి. ఇంకో మాట, అన్ని ముక్కలనూ ఒకేసారి కోసి గిన్నెలో పోసుకోకండి. నంబర్లు ఫ్రేము మీద ఉంటాయి, ముక్కల మీద ఉండవు.

విమానం పొట్ట మధ్య అతుకు గీత ఎంత రుద్దినా కనిపిస్తోంది. ఎలా పోగొట్టాలి?

కంటితో చూసి పోయిందనుకోవద్దు, గోటితో గీసి చూడండి. గోరు తట్టుకుంటే గీత ఉన్నట్టే. సన్నని సందులకు నా మందు ఇది: అదే కిట్ ఫ్రేము ముక్కలను చిన్నగా తరిగి, జిగురు సీసాలో కొద్దిగా మిగిలిన జిగురులో వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి అది చిక్కటి పాకంలా మారుతుంది. దాన్ని సందులో పూసి రెండు రోజులు ఆగి రుద్దితే, పుట్టీలా పెచ్చులు లేవకుండా ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది. రెండు రోజులన్నది నిజంగానే రెండు రోజులు. తొందరపడితే లోపల ఇంకా మెత్తగా ఉండి, వారం తర్వాత అక్కడ గుంట పడుతుంది.

జెట్ విమానం ముక్కు పైకెత్తి తోక మీద కూర్చుంటోంది. ఏం చేయాలి?

ఇప్పుడిక చేయగలిగింది తక్కువ. ముక్కు కింద చక్రం ఉన్న విమానాలన్నిటికీ, పొట్ట మూసేయక ముందే ముక్కులో బరువు పెట్టాలి. చేపల గాలాలకు కట్టే సీసపు గుళ్లు ఇందుకు బాగుంటాయి. రెండు సగాలనూ టేపుతో బిగించి, ప్రధాన చక్రాలు ఉండే చోట వేలు ఆనించి తూచండి. ముక్కు కిందికి వాలేదాకా బరువు చేర్చి, ఇంకో గుండు అదనంగా వేయండి. మూసేశాక గుర్తొస్తే అడుగున అద్దపు పీఠం పెట్టి చక్రాలను దానికి అతికించడమే దారి.

యాంటెన్నా తీగ, పిటో గొట్టం (గాలి వేగం కొలిచేది) కిట్‌లో మొద్దుగా ఉన్నాయి. సన్నగా చేయడం ఎలా?

పారేయబోయే ఫ్రేము కాడతోనే. జానెడు కాడను రెండు చేతులతో పట్టుకుని కొవ్వొత్తి మంటకు రెండంగుళాలు పైన నెమ్మదిగా తిప్పండి. మంటలో పెట్టవద్దు, అంటుకుంటుంది. కాసేపటికి మధ్యలో మెరుపు వస్తుంది, తర్వాత కాడ దాని బరువుకు అదే వంగుతుంది. వంగిన క్షణంలో మంట నుంచి పక్కకు తీసి, ఒక అంకె లెక్కపెట్టి, రెండు చేతులూ దూరంగా లాగండి. వేగంగా లాగితే వెంట్రుకంత తీగ, నిదానంగా లాగితే సూదంత కడ్డీ. చల్లారేదాకా వదలకండి. మొదటి ఐదు తెగుతాయి, ఆరోది వస్తుంది. ఫ్యాను ఆపారో లేదో చూసుకోండి. నేను చాలాసార్లు మరిచిపోయాను.

చిన్న ముక్క పట్టకారు నుంచి ఎగిరిపడింది. ఎక్కడా లేదు.

లైటు ఆపి, టార్చిని నేలకు ఆనించి వెలిగించండి. పొడవాటి నీడ ముక్కను పట్టిస్తుంది. అయినా దొరకకపోతే కొత్తది చేసుకోండి. అది అతికించిన రోజున పాతది దొరుకుతుంది.

## రంగుల దగ్గర

ఎయిర్‌బ్రష్ లేకుండా మంచి మోడల్ చేయలేమా?

చేయగలం. అక్రిలిక్ రంగును పాలలా పల్చగా కలిపి, కుంచెతో ఒకే దిశలో మూడు నాలుగు పూతలు వేస్తే గీతలు కనిపించవు. పూతకూ పూతకూ మధ్య ఎండనివ్వాలి. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ కొనడం ఐదారు మోడళ్లు అయ్యాక ఆలోచించండి. వాటిని వాడే సమయం కంటే కడిగే సమయం ఎక్కువని ఎవరూ ముందు చెప్పరు.

వానాకాలంలో స్ప్రే చేస్తే రంగు తెల్లగా మసకబారుతోంది. రంగు పాడైందా?

రంగు బాగానే ఉంది, తేమ పట్టింది. లాకర్ రంగుల్లోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు చేరి పొరలో చిక్కుకుంటుంది. కోస్తా జిల్లాల్లో జులై నుంచి నవంబర్ దాకా ఈ బాధ తప్పదు. ఎండ కాసే మధ్యాహ్నం దాకా ఆగండి, లేదా ఆ నెలల్లో కుంచె పని, అతికించే పని పెట్టుకోండి.

ఎండాకాలంలో ఇందుకు తిరగబడుతుంది. రంగు మోడల్‌ను చేరేలోపే గాలిలో ఎండి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. అప్పుడు తెల్లవారుజామున పని చేయండి, లేదా ఆరడం నెమ్మదించే ద్రవం రెండు చుక్కలు కలపండి.

హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే థిన్నర్ వాడవచ్చా?

ఎయిర్‌బ్రష్ కడగడానికి వాడండి. మోడల్ మీద వద్దు. ఎన్‌సీ థిన్నర్ ధాటికి పాలీస్టైరీన్ మెత్తబడి, చెక్కిన గీతలన్నీ కరిగిపోతాయి. దేనికి వాడినా కిటికీ తెరిచి ఉంచండి, మాస్కు పెట్టుకోండి.

డెకాళ్లు (గుర్తులు, నంబర్లు అచ్చువేసిన పల్చటి స్టిక్కర్లు) అతికించాక చుట్టూ వెండి పొరలా మెరుస్తోంది. ఎందుకు?

మాట్, అంటే మెరుపు లేని, రంగు కంటికి నునుపుగా కనిపించినా నిజానికి ఎగుడుదిగుడు. డెకాల్ కింద ఆ గుంటల్లో గాలి చిక్కుకుని మెరుస్తుంది. కాబట్టి రంగు ఆరాక మొదట నిగనిగలాడే క్లియర్ పూత వేసి, దాని మీద డెకాళ్లు పెట్టి, చివర మాట్ పూత వేయాలి. ఇప్పటికే మెరుస్తున్న డెకాల్‌ను సూదితో అక్కడక్కడా గుచ్చి, మెత్తబరిచే ద్రవం రాయండి. చాలావరకు సర్దుకుంటుంది.

పెట్టె మీద ఒక రంగు, ఇంటర్నెట్‌లో ఇంకో రంగు. ఏది నమ్మాలి?

రెండూ నమ్మకండి, తేదీ అడగండి. హైదరాబాద్ పేరు పెట్టుకున్న బ్రిటిష్ 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లనే తీసుకుందాం. 1940 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని ఆక్లింగ్టన్ స్థావరంలో ఉన్న విమానం అడుగుభాగం సగం నలుపు, సగం తెలుపు. జూన్‌లో ఆదేశం మారి అడుగంతా స్కై అనే లేత ఆకుపచ్చ ఛాయ వచ్చింది. జులైలో అదే స్క్వాడ్రన్ వార్మ్‌వెల్ స్థావరానికి వెళ్లింది. మధ్యలో మే నెలలో రౌండెల్ చుట్టూ, అంటే పక్కన ఉండే వలయాల గుర్తు చుట్టూ, పసుపు రింగు చేరింది. స్క్వాడ్రన్ ఒకటే, విమానం రకం ఒకటే, మూడు నెలల్లో మూడు రూపాలు. ఏ రంగు సరైనదన్న ప్రశ్నకు ఏ రోజున అన్నది చేర్చకపోతే జవాబు ఉండదు.

## చరిత్ర వెతికేటప్పుడు

వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక ఫోటో దగ్గర. కిట్ కొనకముందే ఒక ఫోటోను ఎంచుకోండి. అందులో తోక దగ్గర రాసిన సీరియల్ నంబరు, స్క్వాడ్రన్ అక్షరాలు, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అన్న నాలుగూ పట్టుకోవాలి. నంబరు తెలిస్తే విమానం ఏ రకమో, ఎప్పుడు చేతికొచ్చిందో, చివరికి ఏమైందో ఒక్కొక్కటే కదులుతాయి.

తేదీ లేకపోతే గుర్తులే చెబుతాయి. భారత వాయుసేన విమానం మీద నీలం, తెలుపు మాత్రమే ఉన్న రౌండెల్ ఉంటే యుద్ధకాలం. జపాన్ ఎర్ర సూర్యుడితో పొరబడి సొంతవాళ్లే కాల్చకుండా మధ్యలోని ఎరుపును తీసేశారు. నీలి అశోక చక్రం ఉంటే స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు ఉంటే 1950 తర్వాత. ఇంత చిన్న గుర్తు ఫోటోను పదేళ్ల వ్యవధి నుంచి మూడు నాలుగేళ్లకు తెచ్చి పెడుతుంది.

నలుపు తెలుపు ఫోటోలో రంగులు గుర్తుపట్టవచ్చా?

కొంతవరకే, అదీ ఫిల్ము సంగతి తెలిస్తేనే. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు. అందుకని ఎరుపు నల్లగా, పసుపు ముదురుగా, నీలం పాలిపోయి పడతాయి. రౌండెల్ చుట్టూ నల్లటి వలయం ఉందని మురిసిపోయి ప్రత్యేక గుర్తు అనుకునేవాళ్లున్నారు. అది మామూలు పసుపు రింగే. పాన్‌క్రొమాటిక్ ఫిల్ములో ఇదే విమానాన్ని తీస్తే పసుపు తెల్లగా వెలుగుతుంది.

నేను చేసే పని ఇది. ఫోటోలో రంగు ముందే తెలిసిన వస్తువును వెతుకుతాను: జెండా, గడ్డి, పైలట్ లైఫ్ జాకెట్. అది ఏ ఛాయలో పడిందో చూసి మిగతావి అంచనా వేస్తాను. అంచనాను అంచనా అనే నోటుబుక్కులో రాసుకుంటాను. కంప్యూటర్ రంగులద్దిన ఫోటోలను మాత్రం సాక్ష్యంగా తీసుకోను. అవి ఎవరి ఊహో మనకు తెలియదు.

మ్యూజియంలో అసలు విమానమే ఉంది కదా, దాన్ని చూసి రంగు వేస్తే తప్పేమిటి?

ఆకారానికి అదే దేవుడు, రంగుకు కాదు. ఆరుబయట నిలబెట్టిన విమానానికి ఏళ్ల తరబడి అందుబాటులో ఉన్న రంగులు పూస్తారు. నంబర్లు చెరిగిపోతే మళ్లీ రాస్తారు, ఆ అక్షరాల తీరు మారిపోతుంది.

అయినా వెళ్లి తీరాలి. ఢిల్లీ పాలం మ్యూజియంలో వాపిటీ ఉంది. 1933 ఏప్రిల్‌లో భారత వాయుసేన తొలి దళం మొదలైంది ఆ రకం విమానాలు నాలుగింటితో. బెంగళూరులో హెచ్ఏఎల్ హెరిటేజ్ సెంటర్, గోవాలో నౌకాదళ విమానాల మ్యూజియం ఉన్నాయి. విశాఖలో 2017లో విధుల నుంచి తప్పుకున్న టీయూ-142 ఉంది, దాని లోపలికి కూడా వెళ్లవచ్చు. వెళ్లినప్పుడు విమానం పక్కన నిలబడి సెల్ఫీ దిగే చోట్లు వదిలేయండి. చక్రాల గదుల లోపల, తలుపుల కీళ్లు, పొగగొట్టం లోపలి వంపు ఫోటో తీయండి. పుస్తకాల్లో లేనివి అవే. ప్రతి ఫోటోలో ఆరంగుళాల స్కేలు పక్కన పెట్టండి.

మన ప్రాంతంతో సంబంధం ఉన్న విమానాలు ఏమైనా ఉన్నాయా?

ఈ ప్రశ్నంటే నాకు ప్రాణం. చాలా ఉన్నాయి.

1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్.9ఏ బాంబర్లు సమకూరాయి, స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ చేరింది. వాటిలో ఎఫ్ 1010 అనే విమానం 1918 అక్టోబర్ 5న జర్మన్ల చేతిలో పడింది. వాళ్లు దాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండ్‌కు చేరింది. 1977లో బ్రిటన్‌కు తిరిగొచ్చి, బాగుచేయించుకుని ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ వాయుసేన (ఆర్‌ఏఎఫ్) మ్యూజియంలో ఉంది. దాని మీద నిజాం కానుక అని రాసిన అక్షరాలు ఉన్నాయి. దాన్ని చేయాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. 1/72లో రెక్కలు 19 సెంటీమీటర్లే, తీగలు లెక్కపెట్టేసరికి ధైర్యం చాలక పెట్టె మూసేస్తున్నాను. 1939 సెప్టెంబర్ 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడు, జర్మనీ నౌకల మీద దాడికి బ్లెన్‌హైమ్ బాంబర్లతో వెళ్లిన స్క్వాడ్రన్లలో ఈ 110 కూడా ఉంది.

రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరుతో స్పిట్‌ఫైర్లను, 253వ స్క్వాడ్రన్ హైదరాబాద్ స్టేట్ పేరుతో హరికేన్లను నడిపాయి. 152 చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. తర్వాత అది బర్మా రంగానికి వచ్చినప్పుడు దాని స్పిట్‌ఫైర్ ఎనిమిదో రకం విమానాల పక్కన, రౌండెల్ మీదుగా దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేశారు. బీరువాలో దాన్ని మించి చూపు లాగేది ఇంకొకటి ఉండదు.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు 79, 234, 264. వీటిలో 234 స్పిట్‌ఫైర్లతోనూ 264 డిఫయంట్ ఫైటర్లతోనూ 1940లో పోరాడాయి. యుద్ధాలు వద్దనుకుంటే బేగంపేట కేంద్రంగా 1945లో పుట్టి 1953 జాతీయీకరణలో కలిసిపోయిన డెక్కన్ ఎయిర్‌వేస్ వారి ప్రయాణికుల విమానం డీసీ-3 ఉంది. డీసీ-3 కిట్లు ఏ స్కేలులోనైనా దొరుకుతాయి. డెకాళ్లు మాత్రం మీరే గీసుకోవాలి.

స్క్వాడ్రన్ రికార్డులు సామాన్యులకు దొరుకుతాయా?

బ్రిటిష్‌వి దొరుకుతాయి. లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరుసలో స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు ఉన్నాయి. ఫారం 540లో ఆ రోజు సంగతులు, ఫారం 541లో ఏ విమానం, ఎవరు నడిపారు, ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది అన్న వివరాలు ఉంటాయి. వాటినీ గుడ్డిగా నమ్మవద్దు. అలసిపోయిన గుమాస్తా టైపు చేసినవి, సీరియల్‌లో ఒక అంకె తారుమారు కావడం మామూలే.

మన వైపు రికార్డులు చేరుకోవడం కష్టం. యుద్ధాల రికార్డులను సాధారణంగా 25 ఏళ్లలో బయటపెట్టాలని రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం ప్రకటించింది గానీ, ఒక విమానం తోక రంగు తెలుసుకోవడానికి ఇంకా మనుషులే గతి. సికింద్రాబాద్ సైనిక్‌పురిలో రిటైర్డ్ వాయుసైనికులు చాలామంది ఉన్నారు. పైలట్ల కంటే మెకానిక్కులను అడగండి. పైలట్‌కు ఆకాశం గుర్తుంటుంది, రంగు డబ్బా మూత తీసినవాడికి రంగు గుర్తుంటుంది. 1971లో వెండి రంగు మిగ్‌లను హడావుడిగా పచ్చ మచ్చలతో కప్పారు. రెండు విమానాలు ఒకేలా లేకపోవడానికి కారణం అదే.

ఒకే సంఘటన గురించి రెండు దేశాలు రెండు రకాలుగా చెబుతున్నాయి. మోడల్ మీద ఏం వేయాలి?

ఫోటోలో ఉన్నదే వేయండి. 1965 సెప్టెంబర్ 3న మన పైలట్ ట్రెవర్ కీలర్ గ్నాట్‌తో పాకిస్తాన్ సేబర్ జెట్ ఒకదాన్ని కూల్చారని మన లెక్క. దెబ్బతిన్నా తిరిగి దిగిందని పాకిస్తాన్ లెక్క. అదే రోజు ఐఈ 1083 గ్నాట్ పాకిస్తాన్‌లోని పస్రూర్‌లో దిగింది. మేం బలవంతంగా దించామని వాళ్లంటారు, మన కథనం వేరు. రెండువైపులా ఒప్పుకునేది ఒక్కటే: ఆ విమానం నంబరు ఐఈ 1083, అది ఇప్పుడు కరాచీ మ్యూజియంలో ఉంది. మోడల్ చేసేవాడికి అది చాలు. కూల్చినట్టు గుర్తు వేయాలంటే ఆ గుర్తున్న ఫోటో నాకు చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

వైమానిక స్థావరం గోడ బయటి నుంచి ఫోటోలు తీయవచ్చా?

వద్దు. అక్కడ బోర్డు ఉన్నది ఊరికే కాదు, కేసు అవుతుంది. ప్రదర్శనలకు వెళ్లండి: బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా, బెంగళూరు యెలహంకలో జరిగే ఏరో ఇండియా. ఉదయం తొలి గంటలో వెళితే జనం తక్కువ, వెలుగు బాగుంటుంది.

## పూర్తయ్యాక

దుమ్ము పట్టకుండా ఎక్కడ పెట్టాలి?

తలుపులున్న అద్దాల బీరువాలో, ఎండ నేరుగా పడని గోడకు. ఎండకు డెకాళ్లు పసుపెక్కుతాయి. ఆగి ఉన్న కారులో మధ్యాహ్నం వదిలేస్తే రెక్కలు వంగిపోతాయి. ఇల్లు మారేటప్పుడు ప్యాకర్లకు ఇవ్వకండి, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి. దుమ్ము దులపడానికి మేకప్ కుంచె వాడండి. యాంటెన్నా తీగ ఎలాగూ తెగుతుంది.

అంతా అయ్యాక పెద్ద తప్పు బయటపడింది. విప్పి మళ్లీ చేయాలా?

నేను విప్పను. నా మొదటి 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌కు, బర్మా విమానానికే, యూరప్ డెకాళ్లతో ఎర్ర చుక్కున్న రౌండెల్ అతికించాను. ఏడాది తర్వాత ఒక ఫోటోలో ఆ చుక్క లేదని కనిపించింది. మోడల్ ఇంకా బీరువాలో కింది అరలో ఉంది. పీఠం అడుగున చీటీ అతికించి రాశాను: "ఎర్ర చుక్క తప్పు, 1944లో ఉండకూడదు." పై అరలో నల్ల చిరుత ఉన్నది రెండోది. దాని కింద కూడా ఒక చీటీ ఉంది. చిరుత తోక ఎడమవైపు ఎంత పొడవుందో చూపించే ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.